ఇరవై రెండు మందితో సింగపూర్, మలేషియా: ఇంటి వారీగా కాదు, నడక వారీగా

పాలకొల్లు దగ్గరి గ్రామం నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి తల్లిదండ్రుల యాభయ్యవ పెళ్లిరోజుకు మూడేళ్ల మనవరాలు మొదలుకొని 77 ఏళ్ల తండ్రిగారి వరకు మొత్తం 22 మంది కలిసి, పది రోజుల్లో థాయిలాండ్, మలేషియా, సింగపూర్ చూసి రావాలని అనుకుంటున్నారు. తండ్రిగారికి షుగరు, తల్లిగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మూడు దేశాలూ వీలవుతాయా, ప్యాకేజీ తీసుకోవడం మంచిదా, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య ఖర్చు ఎలా పంచుకోవాలి అన్నవి వారి సందేహాలు.

తప్పకుండా వెళ్లండి. అయితే థాయిలాండ్‌ను ఈసారికి వదిలేయండి. కౌలాలంపూర్‌లో నాలుగు రాత్రులు, సింగపూర్‌లో నాలుగు రాత్రులు, మొత్తం మీద రెండే హోటళ్లు ఉండేలా చూసుకోండి. వీసాలు, విమాన టికెట్లు ఏజెంటుకు అప్పగించండి కానీ రోజువారీ తిరుగుడును మాత్రం ప్యాకేజీ వారి చేతిలో పెట్టకండి. అన్నిటికంటే ముఖ్యంగా, 22 మందినీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్క గుంపుగా తిప్పాలన్న ఆలోచన మానుకోండి. నేను రావులపాలెంలో 18 ఏళ్లుగా టికెట్ల, వీసాల పని చేస్తున్నాను. మా సొంత కుటుంబాన్ని నాలుగుసార్లు, మా ప్రాంతపు ఉమ్మడి కుటుంబాలను చాలాసార్లు విదేశాలకు పంపాను, కొన్నిసార్లు వెంట వెళ్లాను కూడా. ఈ సలహా ఆ అనుభవం మీదే చెబుతున్నాను.

మూడు దేశాలు ఎందుకు వద్దంటున్నానో ముందు వివరిస్తాను. ఈ మూడు దేశాలూ ఇప్పుడు విమానం దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో ఒక ఆగమన పత్రం నింపమంటున్నాయి. థాయిలాండ్ ఈ పద్ధతిని 2025 మే 1 నుంచి తప్పనిసరి చేసింది. 22 మందికి మూడు దేశాలంటే 66 పత్రాలు. ఇవన్నీ ప్రభుత్వ సైట్లలో ఉచితమే అయినా, అచ్చంగా అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు డబ్బు గుంజుతున్నాయి కనుక ఒకరికి ఇద్దరు కూర్చుని జాగ్రత్తగా నింపాలి. దీనికి తోడు మూడుసార్లు సామాను కట్టడం, మూడుసార్లు ఇమిగ్రేషన్ వరుసలో నిలబడటం, మూడుసార్లు గదుల తాళాలు పంచుకోవడం ఉంటాయి. నలుగురు ఉన్న కుటుంబానికి ఒక గంటలో అయ్యే పని 22 మందికి మూడు గంటలు పడుతుంది, ఆ మూడు గంటలూ మీ అమ్మగారు నిలబడే ఉంటారు.

ఇదే కారణంతో కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు బస్సులో వెళ్లే ఆలోచన కూడా వద్దు. టికెట్ చవకే, రోడ్డూ బాగుంటుంది. కానీ సరిహద్దు దగ్గర మలేషియా వైపు ఒకసారి, సింగపూర్ వైపు ఇంకొకసారి బస్సు దిగాలి, పెట్టెలన్నీ దించుకుని తనిఖీ చేయించుకుని మళ్లీ ఎక్కించాలి. విమానమైతే గంట ప్రయాణం. వెళ్లేటప్పుడు కౌలాలంపూర్‌లో దిగి, వచ్చేటప్పుడు సింగపూర్‌లో ఎక్కేలా టికెట్లు తీసుకుంటే వెనక్కు తిరిగే పని ఉండదు.

ఒక్క గుంపుగా తిరగవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి మా దొడ్డమ్మ కారణం. 2014లో మా కుటుంబం 19 మందిమి మలేషియా వెళ్లాము. బతు గుహల దగ్గర సుబ్రహ్మణ్యస్వామి గుడికి 272 మెట్లు ఎక్కాలి. దొడ్డమ్మ ఎక్కలేనన్నది. "మీరు వెళ్లి రండమ్మా, నేను సామాను చూసుకుంటాను" అంటే మేమందరం సరేనని ఎక్కేశాము. పైన ఫొటోలు, దర్శనం, పిల్లలు కోతుల దగ్గర ఆగిపోవడం, ఇవన్నీ అయ్యి దిగేసరికి గంటన్నర దాటింది. ఆవిడ ఎండలో గట్టు మీద తొమ్మిది సంచుల మధ్య కూర్చుని ఉంది. ఒళ్లో నిండు నీళ్ల సీసా ఉంది. మూత సీలు తన వేళ్లతో తిప్పలేక, భాష తెలియని చోట ఎవరినీ అడగలేక, ఆ గంటన్నరా గుక్క నీళ్లు తాగకుండానే కూర్చుంది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ సీసా మూత నేను తిప్పి ఇచ్చినప్పుడు ఆవిడ తాగిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అదే కొండ కింద, మెట్లు ఎక్కే పని లేకుండానే, పెద్ద హనుమంతుడి విగ్రహం, రామాయణ గుహ ఉన్నాయి. ఒక్క మనిషి తోడు ఉండి ఉంటే ఆవిడ వాటిని చూసి ఉండేది.

అప్పటి నుంచి నేను ప్రతి కుటుంబాన్నీ జట్లుగా విడగొడుతున్నాను. 22 మందికి నాలుగు జట్లు సరిపోతాయి. జట్లు ఇంటి వారీగా కాదు, నడక వారీగా ఉండాలి. పెద్దన్నయ్య కుటుంబం ఒక జట్టు, చిన్నన్నయ్య కుటుంబం ఒక జట్టు అని విడదీస్తే ప్రతి జట్టులోనూ ఒక ముసలివారు, ఒక చంటిబిడ్డ ఉంటారు, నాలుగు జట్లూ నత్తనడక నడుస్తాయి. నెమ్మదిగా నడిచేవారు ఒకచోట, కుర్రకారు ఒకచోట, నడివయసువారు మిగిలిన చోట ఉంటే ఎవరి వేగం వారిది. ఉదాహరణకు సింగపూర్‌లో యువకులు సెంటోసాలోని యూనివర్సల్ స్టూడియోస్‌కు వెళ్లిన రోజు, పెద్దలు గార్డెన్స్ బై ద బేలోని చల్లటి అద్దాల తోటల్లో చక్రాల కుర్చీతో సహా హాయిగా తిరగవచ్చు. ఉదయం ఫలహారం, రాత్రి భోజనం మాత్రం అందరూ కలిసే చేయండి. రోజంతా ఎవరు ఏమి చూశారో చెప్పుకోవడానికి ఆ పూట సరిపోతుంది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. పెద్దలతో ఉండే వంతు రోజుకొకరికి మారాలి. ఇది ముందుగా కాగితం మీద రాసుకోకపోతే, ఏ కోడలు ఓపికగా ఉంటుందో ఆ కోడలి మీదే ఎనిమిది రోజులూ పడుతుంది. ఇంట్లో ఏడాదంతా వండి వడ్డించిన మనిషి విదేశంలో కూడా అత్తగారి మాత్రల పెట్టె పట్టుకుని హోటల్ గదిలోనే గడిపి రావడం నేను చూశాను. ఆ వంతులో కొడుకులు, అల్లుళ్లు, ఎదిగిన మనవలు కూడా ఉండాలి. మీ నాన్నగారితో మనవడు ఒక పూట గడపడం శిక్ష కాదు, ఆ పిల్లవాడికి మిగిలిపోయే రోజు అది.

ప్రతి జట్టుకూ ఒక బాధ్యుడు ఉండాలి. అతను వయసులో పెద్దవాడు కానక్కర్లేదు, ఫోను, మ్యాపు చూడటం వచ్చి, కోపం త్వరగా రాని మనిషై ఉండాలి. పాస్‌పోర్టులు 22 కలిపి ఒకే సంచిలో పెట్టి ఒకరికి అప్పగించే అలవాటు మన కుటుంబాల్లో ఉంది. ఆ సంచి ఒక్కటి పోతే అందరూ ఆగిపోతారు కాబట్టి ఏ జట్టువి ఆ జట్టు బాధ్యుడి దగ్గరే ఉండనివ్వండి.

ఇక కాగితాల సంగతి. మీరు ఈ వారంలోనే చేయవలసిన పని, 22 పాస్‌పోర్టులనూ ఒకచోట పరిచి మూడు విషయాలు చూడటం. గడువు ప్రయాణ తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది కనుక పెద్దలవి బాగున్నాయి కదా అని ఊరుకోకండి. రెండవది పేరు. మన ఇంటిపేర్ల వల్ల వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పొడి అక్షరమే ఉంటుంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మీరు సింగపూర్ బదులు ఎప్పుడైనా దుబాయి అనుకుంటే, ఒకే పేరుతో, రెండో గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద సందర్శక వీసాతో రానివ్వబోమని దుబాయి ఉన్న దేశం యూఏఈ 2022 నవంబరులో ప్రకటించిందని గుర్తుంచుకోండి. మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో చిన్నకోడలి పాస్‌పోర్టు ఒక్కటి అలా ఉండటం వల్ల, అది మార్పించే దాకా పదిహేను మంది ప్రయాణం రెండు నెలలు వాయిదా పడింది.

మూడవది ఈసీఆర్ (వలస వెళ్లే ముందు తనిఖీ అవసరం అనే) ముద్ర, మన గోదావరి జిల్లాల వారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇదే. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు చాలావరకు ఈ తరగతిలోకి వస్తుంది. ఇది ఉన్నవారు ఉద్యోగానికి వెళ్లాలంటే అనుమతి అవసరమయ్యే దేశాల జాబితాలో మలేషియా, థాయిలాండ్, యూఏఈ ఉన్నాయి. విహారానికి వెళ్లేవారికి ఆ అనుమతి అవసరం లేదు. అయినా మన ప్రాంతం నుంచి ఎందరో ఆడవాళ్లు సందర్శక వీసా మీద గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లి అగచాట్లు పడినందువల్ల, ఇమిగ్రేషన్ అధికారులు ఇటు నుంచి వెళ్లే స్త్రీలను కాస్త ఎక్కువగానే ప్రశ్నిస్తారు. అది వారి మేలు కోరి అడిగేదే కాబట్టి నొచ్చుకోవలసిన పని లేదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు ప్రతి ఒక్కరి చేతిలో విడివిడిగా ఉంచండి. "మా అబ్బాయి దగ్గర ఉన్నాయండి" అని చెప్పే సమయానికి ఆ అబ్బాయి మరో వరుసలో ముందుకు వెళ్లిపోయి ఉంటాడు. మేనల్లుడో మేనకోడలో తల్లిదండ్రులు లేకుండా మీతో వస్తుంటే, వారిద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన అంగీకార పత్రం కూడా దగ్గర పెట్టుకోండి.

వీసా విషయంలో, మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి మన పర్యాటకులను 30 రోజుల వరకు వీసా లేకుండా అనుమతిస్తున్నది. ఇటువంటి సడలింపులు పొడిగిస్తూ, మారుస్తూ ఉంటారు కనుక టికెట్ కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి. సింగపూర్‌కు ప్రతి ఒక్కరికీ, చంటిబిడ్డతో సహా, వీసా కావాలి.

టికెట్ల దగ్గర చాలామంది నష్టపోయే చోటు ఒకటి ఉంది. విమాన సంస్థల సైట్లలో ఒక బుకింగ్‌కు తొమ్మిది మందికి మించి చేయలేము. తొమ్మిది సీట్లు ఒకేసారి అడిగితే, తక్కువ ధర సీట్లు నాలుగే మిగిలి ఉన్నా, తొమ్మిదింటికీ పై ధరే పడుతుంది. అందుకని ముందు ఒక సీటుకు, తర్వాత నాలుగు సీట్లకు ధర చూసి విడగొట్టి కొనడం మేలు. పది మంది దాటితే ఏజెంటు ద్వారా గ్రూపు ధర అడగవచ్చు కానీ అందులో ఒకరు ఆగిపోతే రద్దు షరతులు కఠినంగా ఉంటాయి. వస్తారో రారో తేలనివారిని గ్రూపులో కలపకుండా విడిగా ఉంచండి. అమ్మానాన్నల టికెట్, వారితో ఉండే మనిషి టికెట్ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి, అమ్మగారికి చక్రాల కుర్చీ బుకింగ్ సమయంలోనే అడగాలి. ఆవిడ నడవగలనంటారు, అయినా అడగండి. విమానాశ్రయాల్లో నడక మన ఊరి రైల్వే స్టేషన్ నడక లాంటిది కాదు.

తేదీ గురించి కూడా ఒక హెచ్చరిక చేయాలి. హైదరాబాదు నుంచి విమానం 12వ తేదీ రాత్రి 12:30కు అంటే, మీరు 11వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకే శంషాబాదులో ఉండాలి. ఒక కుటుంబం 12వ తేదీ సాయంత్రం పెట్టెలతో సహా వచ్చి నిలబడింది, పద్నాలుగు టికెట్లు నీళ్లపాలయ్యాయి. మీరు నరసాపురం రైల్లో రాత్రి బయలుదేరి, తెల్లవారి హైదరాబాదులో దిగి, పగలంతా గదిలో పెద్దలను పడుకోబెట్టి, రాత్రి విమానం ఎక్కేలా చూసుకోండి.

బసకు కౌలాలంపూర్‌లో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లు బాగా దొరుకుతాయి, పెద్ద కుటుంబానికి అవే అనువు. సింగపూర్‌లో మాత్రం "అందరికీ సరిపోయే ఇల్లు" అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే పొరపాటున కూడా తీసుకోకండి. అక్కడ ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకు తక్కువ కాలానికి అద్దెకు ఇవ్వడం చట్టవిరుద్ధం. లిటిల్ ఇండియా దగ్గర హోటల్ తీసుకుంటే సెరంగూన్ రోడ్డులో ఇడ్లీ, సాంబారు, పెరుగన్నం నడిచి వెళ్లే దూరంలో దొరుకుతాయి, పెద్దల తిండి దిగులు అక్కడితో తీరిపోతుంది.

సామాను దగ్గర మన కోనసీమ వాళ్లకు తప్పకుండా చెప్పవలసిన సంగతి కురిడీల గురించి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ కనుక అది మండే సరుకుల లెక్కలోకి వస్తుంది, విమానం సామానులో ఒప్పుకోరు. సింగపూర్‌లో ఉన్న కూతురి కోసం ఒకావిడ తమ చెట్ల కాయలే ఎండబెట్టి, ఏరి, పాత చీర ముక్కలో చుట్టి తెచ్చిన పన్నెండు కురిడీలను తనిఖీ బల్ల మీద వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ మూట వదలలేక ఆవిడ రెండుసార్లు వెనక్కు తిరిగి చూసింది. కర్పూరం, అగ్గిపెట్టెలు కూడా పెట్టెల్లో వద్దు. సింగపూర్‌కు నాటుకోడి పచ్చడి వంటి మాంసం పచ్చళ్లు, నమిలే పొగాకు, చూయింగ్ గమ్ పట్టుకెళ్లరాదు, చుట్టలకు, సిగరెట్లకు సుంకం మినహాయింపు ఒక్కదానికి కూడా లేదు. గసగసాలు ఏ దేశానికీ పట్టుకెళ్లకండి, మసాలా పొడిలో కలిసినవైనా సరే. యూఏఈలో అది మాదకద్రవ్యాల నేరం కిందికి వస్తుంది. ఆవకాయ, నెయ్యి సీసాలు చెక్-ఇన్ పెట్టెలో, ఆత్రేయపురం పూతరేకులు గట్టి డబ్బాలో పెట్టి చేతి సంచిలో తీసుకెళ్లండి.

మీ నాన్నగారి ఇన్సులిన్, మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీ ఆంగ్లంలో రాయించుకోవాలి. మలేషియా, సింగపూర్ రెండూ మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటాయి. ఇన్సులిన్ వేళ ఎలా సర్దుకోవాలో మీరే లెక్కవేయకుండా ఆయన డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. బీమా తీసుకునేటప్పుడు షుగరు, బీపీ వంటివి ఉంటే దాచకుండా చెప్పండి. ప్రీమియం తగ్గుతుందని దాచితే అవసరం పడినప్పుడు ఆ పాలసీ అక్కరకు రాదు.

ఇక డబ్బు. నా అనుభవంలో పెద్ద కుటుంబాల యాత్రలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మా ప్రాంతపు ఒక కుటుంబంలో అమెరికాలో ఉన్న కొడుకు ప్రేమతోనే అందరి ఖర్చూ తానే పెట్టుకున్నాడు. నాలుగో రోజున ఒక దుకాణంలో బావగారు ఖరీదైన వాచీ కొంటుంటే, "ఇదీ నా కార్డు మీదేనా" అని నవ్వుతూ అన్నాడు. బావగారు వాచీ అక్కడే పెట్టి బయటికి నడిచారు. ఆ రెండిళ్ల మధ్య సంవత్సరం పైగా మాటలు లేవు. అందుకని ఎవరు ఎంత పెట్టినా ఫర్వాలేదు, ఎవరు ఎంత పెడుతున్నారో బయలుదేరక ముందే తేలిపోవాలి.

నేను చెప్పే పద్ధతి ఇది. వీసా, టికెట్, బీమా ఎవరి ఇంటివి వారివి. హోటల్, వాహనాలు, కలిసి తినే భోజనం ఉమ్మడి సొమ్ములోంచి. అందులో పెద్దవారికి ఒక వాటా, ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అర వాటా, అంతకంటే చిన్నవారికి ఏమీ లేదు. అమ్మానాన్నల వాటా పిల్లలందరూ సమంగా పంచుకోవాలి. కొనుగోళ్లు పూర్తిగా ఎవరివి వారివి. కుటుంబంలో ఎవరైనా, భర్త పోయిన మేనత్తో, పంట దెబ్బతిన్న తమ్ముడో, వాటా పెట్టుకోలేని స్థితిలో ఉంటే ఆ వాటాను మిగతావారు ముందే తమలో తాము సర్దుకోవాలి, ఆ సంగతి ఆ మనిషి ముందు ఎప్పటికీ ఎత్తకూడదు. ఉమ్మడి సొమ్ము లెక్క ఇంటర్ చదివే పిల్లకో పిల్లవాడికో అప్పగించండి. మా మేనకోడలు గీతల నోటుపుస్తకంలో ఒక పక్క మలేషియా రింగిట్లు, ఒక పక్క రూపాయలు రాసి, ప్రతి రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించేది. ఆ యాత్రలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ప్యాకేజీ తీసుకున్నట్లయితే ఏజెంటు మీ పాన్ నంబరు మీద టీసీఎస్ అనే పన్ను వసూలు చేస్తారు. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాబట్టి మొత్తం డబ్బు ఒకే అన్నదమ్ముడి ఖాతా నుంచి కట్టకుండా, ఏ ఇంటి వాటా ఆ ఇంటి పాన్ మీద కట్టండి. లేకపోతే అందరి పన్నూ ఒకరి పేరున ఇరుక్కుంటుంది.

కాలం విషయం పెద్దగా చెప్పనక్కర్లేదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యి, కాలువలు కట్టేసి, బడులకు సెలవులిచ్చిన మే నెల మన వారికి అనువు. రొయ్యల చెరువులు ఉన్నవారు పట్టుబడి అయ్యాకే తేదీ పెట్టుకోవాలి, చెరువులో సరుకు ఉంచి వచ్చిన మనిషి మనసు చెరువు గట్టు మీదే ఉంటుంది. చైనా కొత్త సంవత్సరం వచ్చే జనవరి చివర, ఫిబ్రవరి రోజుల్లో ఆ రెండు దేశాల్లోనూ గదులు ప్రియం, కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి, ఆ వారం తప్పించండి.

చివరగా పెళ్లిరోజు. ఆ రోజు సింగపూర్‌లో ఉండేలా తేదీలు కుదుర్చుకోండి. హోటల్ గదిలో దీపం, హారతి పెట్టకండి, పొగకు గంటలు మోగి అంతస్తు మొత్తం దిగవలసి వస్తుంది. సెరంగూన్ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది, మెట్లు ఎక్కే బాధ లేదు. ఉదయమే అమ్మానాన్నల పేరున అర్చన చేయించండి. ఆ ఒక్క రోజు జట్లు వద్దు. 22 మందీ అక్కడే ఉండండి.